మూడు కార్డుల్లో ఏది ఉంచుకోవాలి, ఏది వదిలేయాలి?

తెనాలి నుంచి ఒక గృహిణి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆమెకు 56 ఏళ్ళు. భర్త జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా చేసి మొన్న మార్చిలో రిటైరయ్యారు. ఇంట్లో మూడు క్రెడిట్ కార్డులున్నాయి. ఒకటి, ఆయన జీతం పడే బ్యాంకు ఎప్పుడో ఇచ్చిన వీసా కార్డు. దానికి ఏడాది ఫీజు లేదు. రెండోది ఫోన్‌లో యూపీఐకి కలుపుకొని వాడే రూపే కార్డు. ఏడాదికి 499, జీఎస్టీతో కలిపి 588 రూపాయల 82 పైసలు. మూడోది హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే అబ్బాయి తన ఖరీదైన కార్డుకి అనుబంధంగా అమ్మ పేరున తీయించినది.

జూన్ 3న ఈమె వీసా కార్డు మీద ఆన్‌లైన్‌లో ఒక డైనింగ్ టేబుల్, ఆరు కుర్చీలు బుక్ చేశారు. 58,000 రూపాయలు. జూన్ 25కల్లా ఇంటికి చేరుస్తామని మెయిల్ వచ్చింది. టేబుల్ రాలేదు. జులై మొదటి వారం దాకా "రేపు, ఎల్లుండి" అన్నారు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. బ్యాంకు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి మోసం జరిగిందని చెబితే, "ఓటీపీ మీరే కొట్టారు కదా మేడమ్, మేమేం చేయలేం" అన్నారట. న్యూజెర్సీలో ఉన్న అల్లుడుగారు మాత్రం "తేలేదాకా ఆ డబ్బు కట్టకండి అత్తయ్యా, ఇక్కడ మేమంతా అలాగే చేస్తాం" అన్నారు. ఆ మాట విని 71,400 బిల్లులో కనీస మొత్తం 3,570 మాత్రమే కట్టారు. జులై 20 బిల్లులో వడ్డీ, జీఎస్టీ కలిపి 4,400 పైచిలుకు పడింది. ఆగస్టులోనూ కనీస మొత్తమే కట్టారు. ఇప్పుడు బాకీ 75,000 దాకా ఉంది.

ఇది చాలదన్నట్టు, అత్తగారిని గుంటూరులో ఆస్పత్రిలో చేర్చిన రోజు కౌంటర్ దగ్గర అబ్బాయి ఇచ్చిన కార్డు తీస్తే, అక్కడి మనిషి దాన్ని తిప్పి చూసి "ఇది మా మిషన్‌లో పోదమ్మా, వేరేది ఉందా?" అన్నాడు. వెనక లైన్లో పదిమంది. "ఆ నిమిషం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు" అని రాశారు. ఇంటికొచ్చాక భర్త కత్తెర తీసుకుని, మూడూ ముక్కలు చేసేస్తానన్నారు. నవంబర్‌లో కూతురి కాన్పుకి ఇద్దరూ అమెరికా వెళ్ళాలి. "ఆ టేబుల్ ఎంచింది నేనే. ఆయన ఏమీ అనరు, అదే నాకు బాధ. ఏ కార్డు మంచిది, ఏది ఉంచమంటారు?" అని అడిగారు.

అమ్మా,

ముందుగా ఒక మాట. టేబుల్ ఎంచడం తప్పు కాదు. డబ్బు కట్టించుకుని వస్తువు పంపనిది వాళ్ళు. ఆ టెన్షన్‌ని మీ నెత్తిన వేసుకోకండి, ఎందుకంటే ఇప్పుడు మీరు స్థిమితంగా చేయాల్సిన పని ఒకటుంది, దానికి గడువు ఉంది.

మీ ఉత్తరంలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. ఒకటి, మనకు తెలియకుండా ఎవరో మన కార్డు వాడటం. రెండు, మనమే ఇష్టపడి కొన్న వస్తువు రాకపోవడం. బ్యాంకులో ఈ రెండింటికీ దారులు వేరు, అడిగే కాగితాలు వేరు. మీరు ఫోన్‌లో "మోసం" అన్నారు. ఆ మాట వినగానే అవతలి మనిషి మొదటి దారి పట్టాడు. ఓటీపీ ఎవరు కొట్టారు? మీరే. అంతటితో మూసేశాడు. ఓటీపీ కొట్టారన్నది మీరే కొన్నారనడానికి రుజువు, టేబుల్ మీ ఇంటికి వచ్చిందనడానికి రుజువు కాదు. మీ ఫిర్యాదు "డబ్బు కట్టాను, వస్తువు అందలేదు" అన్నది. దీన్ని ఛార్జ్‌బ్యాక్ అంటారు. కార్డు ఇచ్చిన బ్యాంకు, వీసా లాంటి కార్డు నెట్‌వర్క్ ద్వారా అమ్మినవాడి బ్యాంకుని అడిగి, డబ్బు వెనక్కి రాబట్టే ఏర్పాటు అది.

కాబట్టి ఈసారి ఫోన్ వద్దు, రాతలో పెట్టండి. బ్యాంకు యాప్‌లో ఆ లావాదేవీ మీద నొక్కితే వివాదం నమోదు చేసే వీలు చాలా బ్యాంకుల్లో ఉంటుంది. దాంతోపాటు క్రెడిట్ కార్డు విభాగానికి మెయిల్ కూడా పంపండి. "మోసం" అన్న మాట రాయకండి. అలా రాస్తే ముందు కార్డు బ్లాక్ చేస్తారు, తర్వాత ఓటీపీ దగ్గరే మళ్ళీ ఆగిపోతుంది. ఆర్డర్ వివరాలు, జూన్ 25కి చేరుస్తామన్న ఆ మెయిల్, మీరు పంపిన వాట్సాప్ మెసేజీల స్క్రీన్‌షాట్లు, వాళ్ళ "రేపు పంపుతాం" జవాబులు జతచేయండి. వాటిలో ఎక్కడా "డబ్బు వెనక్కి ఇవ్వండి" అని మీరు స్పష్టంగా అడిగినట్టు లేకపోతే, ఈరోజే వాళ్ళకొక మెయిల్ కొట్టి, దాని కాపీ కూడా పెట్టండి. అమ్మినవాణ్ణి ముందు అడిగారా అన్నది బ్యాంకు చూసే మొదటి విషయం.

గడువు సంగతి. వస్తువు అందని కేసుకి వీసా, మాస్టర్‌కార్డ్ నియమాల్లో సాధారణంగా 120 రోజులు ఇస్తారు, అందాల్సిన తేదీ నుంచి లెక్క. జూన్ 25 నుంచి లెక్కేస్తే అక్టోబర్ 23. బ్యాంకులు తమ పనికి వీలుగా ఇంకా ముందే కాగితాలు అడుగుతాయి. దసరా దాకా ఆగుదామని మాత్రం అనుకోకండి.

ఫిర్యాదు పెట్టాక బ్యాంకు మీ ఖాతాలో ఆ 58,000 తాత్కాలికంగా జమ చేయవచ్చు. అది చూసి ఖర్చు పెట్టేయకండి. అమ్మినవాడు డెలివరీ అయినట్టు ఏదో ఒక కాగితం చూపిస్తే దాన్ని వెనక్కి తీసుకుంటారు. అప్పుడు ఆ కాగితం కాపీ అడిగి, అందులో సంతకం ఎవరిది, చిరునామా ఎవరిది అని మీరు తిరిగి ప్రశ్నించవచ్చు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకి వెళ్ళవచ్చు. ఖర్చేమీ లేదు, లాయర్ అక్కర్లేదు. 14448కి ఫోన్ చేస్తే పద్ధతి చెబుతారు. అయితే అంబుడ్స్‌మన్ చూసేది బ్యాంకు తన పని సరిగా చేసిందా లేదా అన్నది. టేబుల్ అమ్మినవాడి సంగతి వాళ్ళ పరిధి కాదు. అమ్మినవాడి మీదైతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మీరు ఉండే జిల్లాలోనే, అంటే గుంటూరులోనే కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. రెండేళ్ళ గడువుంది. కానీ అది నెమ్మదిగా నడిచే దారి. వాడు దుకాణం ఎత్తేసి ఉంటే, తీర్పు మీకే వచ్చినా వసూలు కష్టం. అందుకే ముందు బ్యాంకు దారి పట్టమంటున్నాను. ఒకటి పట్టుకుంటే రెండోది పోదు.

ఇక అల్లుడుగారి సలహా. ఆయన తప్పు చెప్పలేదమ్మా, ఆయన ఉన్నచోట అది అక్షరాలా నిజం. అమెరికాలో 1974లో చేసిన చట్టం ఒకటుంది. బిల్లు పంపిన 60 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, విచారణ తేలేదాకా ఆ మొత్తం కట్టకుండా ఆపుకునే హక్కు అక్కడి కార్డుదారుకి ఉంది. వస్తువు అందకపోవడం కూడా అందులోకే వస్తుంది. మన దగ్గర అలాంటి చట్టం లేదు. మనకున్నది నెట్‌వర్క్‌ల సొంత నియమాలు, బ్యాంకుల మీద రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఆదేశాలు. ఎవరో మన కార్డుని దొంగతనంగా వాడారని ఫిర్యాదు చేస్తే, తేలేదాకా దాని మీద ఛార్జీలు వేయకూడదని ఆ ఆదేశాల్లో ఉంది. మీది ఆ కోవలోకి రాదు. అందుకే మీటర్ తిరుగుతూనే ఉంది.

ఆ 4,400 చూసి మీరు "నెలకి మూడున్నర శాతమే కదా, ఇంత ఎలా అయింది?" అని రాశారు. లెక్క ఇదీ. బిల్లు మొత్తం కట్టినంతకాలమే వడ్డీ లేని గడువు. కొంచెం మిగిల్చినా ఆ గడువు మొత్తం రద్దవుతుంది, వడ్డీ కొన్న రోజు నుంచే లెక్కిస్తారు. జూన్ 3 నుంచి జులై 20 దాకా 47 రోజులు. టేబుల్ మీదే కాదు, ఆ బిల్లులోని మందులు, చీరల మీద కూడా. పైన 18 శాతం జీఎస్టీ. ఇంకో చెడ్డ సంగతి, ఇప్పుడు ఆ కార్డు మీద మీరు కొనే కందిపప్పుకి కూడా మొదటి రోజు నుంచే వడ్డీ. ఈ బాకీ తీరేదాకా ఆ కార్డుతో పావలా వస్తువు కూడా కొనకండి. ఈ వడ్డీలకి 30 శాతం హద్దు ఉండాలని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది కానీ, సుప్రీంకోర్టు 2024 డిసెంబర్‌లో దాన్ని కొట్టేసింది. కాబట్టి అటునుంచి ఊరట లేదు.

మరి 75,000 కట్టాలా వద్దా? మూడు దారులున్నాయి. ఇప్పుడున్నట్టే కనీసం కడుతూ పోతే లేటు ఫీజు పడదు, మన అప్పుల చరిత్ర రాసి ఉంచే సిబిల్‌లో ఎగవేత కనిపించదు, కానీ నెలకి వడ్డీ, జీఎస్టీ కలిపి 3,100 దగ్గర పోతుంది. ఛార్జ్‌బ్యాక్ తేలడానికి రెండు మూడు నెలలు పడితే టేబుల్ కాళ్ళంత డబ్బు వడ్డీకే. రెండోది, ఈఎంఐగా మార్చుకోవడం. వడ్డీ చాలా తగ్గుతుంది, కానీ వివాదంలో ఉన్న కొనుగోలుని మీరే వాయిదాలకి ఒప్పుకున్నట్టు కాగితం మీద పడుతుంది, రేపు డబ్బు వెనక్కి వచ్చినా ఆ రుణాన్ని మూయించడం ఇంకో పని. నాకది నచ్చదు. మూడోది, మాష్టారి రిటైర్మెంట్ డబ్బు ఆరు లక్షలు ఫిక్స్‌డ్‌లో ఉందన్నారు కదా, అందులోంచి 75,000 తీసి కట్టేయడం. ఏడు శాతం వడ్డీ అనుకున్నా ఆ 75,000 మీద నెలకి వచ్చేది 440 రూపాయల లోపు. దాన్ని కాపాడుకోవడానికి నెలకి 3,100 కడుతున్నారు మీరు. కట్టేస్తే ఛార్జ్‌బ్యాక్ హక్కు పోతుందని అల్లుడుగారు భయపెట్టారట. పోదు. గెలిస్తే ఆ 58,000 కార్డు ఖాతాలో మీ పేరున జమగా పడుతుంది, అక్కడినుంచి బ్యాంకు ఖాతాకి మార్పించుకోవచ్చు. ఒకవేళ ఓడిపోతే, టేబుల్ డబ్బు పోతుంది కానీ దాని మీద వడ్డీ అయినా పోదు.

ఫిక్స్‌డ్ ముట్టుకోవడం మాష్టారికి ఎంత కష్టమో ఊహించగలను. ముప్ఫై ఏళ్ళ జీతం చివరికి మిగిలింది అది. అందుకే మీరు ఒక్కరే నిర్ణయించి చెప్పకుండా, బిల్లు ఇద్దరి మధ్యా పెట్టుకుని ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి చూడండి, 3,100, 440. లెక్కలు తెలిసిన మనిషికి వేరే వాదన అక్కర్లేదు.

ఇప్పుడు మీరు అడిగిన ప్రశ్న, ఏ కార్డు మంచిదని. ఎక్కడ చెల్లుతుంది, ఎంత గుంజుతుంది, గొడవొస్తే ఎవరు వెనక నిలబడతారు అన్న మూడింటికీ ఒకే కార్డు జవాబు కాదు. మీ ఇంట్లో కార్డులనే చూడండి.

ఆస్పత్రిలో పోని కార్డు ఏ నెట్‌వర్క్‌దో మీరు రాయలేదు. కార్డు మూలన ఉండే గుర్తు చూడండి. వీసా, మాస్టర్‌కార్డ్, రూపే మిషన్ ఉన్న దాదాపు ప్రతిచోటా పోతాయి. అమెరికన్ ఎక్స్‌ప్రెస్, డైనర్స్ క్లబ్ పెద్ద హోటళ్ళు, విమాన టిక్కెట్లు, పేరున్న షోరూములు, ఆన్‌లైన్‌లో బాగా నడుస్తాయి, చిన్న ఊళ్ళలో, చిన్న కౌంటర్లలో అన్నిచోట్లా పోవు. కారణం కార్డు తక్కువదని కాదు. ప్రతి స్వైప్ మీద దుకాణదారు తన బ్యాంకుకి కొంత శాతం ఇచ్చుకోవాలి, ఒక్కో నెట్‌వర్క్‌కి ఆ శాతం వేరు, ఒప్పందం వేరు. లాభం తక్కువ ఉన్నవాడు ఎక్కువ శాతం అడిగే కార్డుని ఎందుకు తీసుకుంటాడు? కాబట్టి ఆ రోజు అవమానంగా అనిపించినది నిజానికి ఆ కౌంటర్‌కి ఆ ఒప్పందం లేకపోవడం, అంతే. ఇకనుంచి ఆస్పత్రిలో చేర్చేముందే ఏ కార్డులు తీసుకుంటారో అడగండి, ఇంకో నెట్‌వర్క్ కార్డు పర్సులో ఉంచండి. అబ్బాయి కార్డు వదిలేయాలా అన్నది అతనితో మాట్లాడుకోవాల్సిన విషయం. అనుబంధ కార్డు కాబట్టి బిల్లు అతనిదే, మీ ఖర్చు అతని లిమిట్‌లో పడుతుంది. అతను ప్రేమతో ఇచ్చినది. రైలు, విమానం టిక్కెట్లకి వాడుకుంటానని చెబితే అతనికీ బావుంటుంది.

రూపే కార్డు బజారు పనికి మేలు. స్కానర్ అతికించిన దుకాణంలో ఫోన్‌తో పోతుంది, చిన్న వ్యాపారులకి 2,000 దాకా ఆ శాతం భారం కూడా లేదు, అందుకే మొహం చిట్లించరు. మీ వీధిలో కూరగాయల అతని దగ్గర ఎందుకు పోవడంలేదని రాశారు. అతను అతికించుకున్నది సొంత ఖాతా స్కానర్ అయి ఉంటుంది. క్రెడిట్ కార్డు యూపీఐ దుకాణం పేరున నమోదైన స్కానర్లకే పోతుంది, మనిషి నుంచి మనిషికి పోదు. అతనికి మామూలుగా బ్యాంకు ఖాతా నుంచే కొట్టండి. ఆ 588 రూపాయల ఫీజు, ఏడాదిలో ఇంత ఖర్చు పెడితే మాఫీ అని ఏమైనా ఉందేమో బ్యాంకుని అడగండి. ఉండి, అది మీ ఇంటి కిరాణాతోనే చేరే మొత్తమైతే ఉంచుకోండి. ఫీజు తప్పించుకోవడానికి అక్కర్లేనివి కొనాల్సి వస్తే మూసేయండి.

నగల షాపులో కార్డుకి రెండు శాతం అదనం అడిగారని కూడా రాశారు. 80,000 గాజుల మీద 1,600. అంత తిరిగిచ్చే పాయింట్లు మీ కార్డులకి లేవు. అక్కడ చెక్కో, బ్యాంకు బదిలీయో మేలు.

అమెరికా ప్రయాణానికి వీసా కార్డు కావాలి మీకు, కాబట్టి కత్తెర దాని దగ్గరకి రానివ్వకండి. రూపే అక్కడ డిస్కవర్ నెట్‌వర్క్ ద్వారా పనిచేస్తుంది, కానీ మీ కార్డు విదేశాల్లో చెల్లే రకమో కాదో ముందే కనుక్కోవాలి. విదేశీ ఖర్చు మీద చాలా కార్డులు మూడున్నర శాతం, దాని మీద జీఎస్టీ వేస్తాయి. లక్ష రూపాయలకి 4,130. అక్కడ మిషన్ "డాలర్లా, రూపాయలా?" అని అడిగితే డాలర్లే నొక్కండి, రూపాయల్లో మార్చే రేటు వాళ్ళు తమకి లాభంగా వేస్తారు. ఏటీఎంలో క్రెడిట్ కార్డు పెట్టి నోట్లు తీయకండి, ఫీజుతోపాటు ఆ నిమిషం నుంచే వడ్డీ. యాప్‌లో విదేశీ వాడకం మీట బయల్దేరేముందు వేసి, తిరిగి రాగానే ఆపండి. అక్కడి వెబ్‌సైట్లు చాలావరకు ఓటీపీ అడగవు కాబట్టి ఈ మీట ముఖ్యం. తెలియని ఖర్చు మెసేజ్ ఎప్పుడైనా వస్తే మూడు పనిదినాల్లోపు బ్యాంకుకి చెప్పండి. ఓటీపీ, పిన్ మీరు ఎవరికీ చెప్పకుండా, తప్పు బయటివాళ్ళదైతే, అప్పుడు మీ మీద భారం పైసా పడకూడదని రిజర్వ్ బ్యాంకు 2017 జులైలో నియమం పెట్టింది.

చివరగా మాష్టారి కత్తెర. కార్డుని ముక్కలు చేస్తే ప్లాస్టిక్ పోతుంది, ఖాతా పోదు. ఫీజు పడుతూనే ఉంటుంది. మూయాలంటే బాకీ తీర్చి, బ్యాంకుకి రాతలో అడగాలి. ఏడు పనిదినాల్లో మూయకపోతే ఆపైన రోజుకి 500 చొప్పున వాళ్ళే మీకు ఇచ్చుకోవాలి. టేబుల్ వివాదం తేలేదాకా వీసా ఖాతా మాత్రం తెరిచే ఉండాలి, డబ్బు వచ్చి పడాల్సింది అక్కడే. ఆయన భయం పోవాలంటే ఇంకో దారి ఉంది. యాప్‌లో ఆ కార్డు లిమిట్ ఆయనకి నిద్రపట్టే అంకెకి తగ్గించుకోవచ్చు, ఆన్‌లైన్ వాడకం ఆపి ఉంచవచ్చు. ఆ మీట మీ ఫోన్‌లో కాకుండా ఆయన ఫోన్‌లో ఉంచండి. వచ్చే జనవరిలో మనవడో మనవరాలో చేతిలో ఉన్నప్పుడు, అక్కడి మందుల షాపులో ఆయనే ఆ మీట వేసి కార్డు మీకు అందిస్తారు.

బ్యాంకుకి పంపే మెయిల్ రాశాక, ఒకసారి నాకు చూపించాలనిపిస్తే కార్డు నంబర్ కొట్టేసి పంపండి.